శలభాలకు చిరునామా

పిల్లలూ!

వానాకాలం రాత్రి దీపం కింద కూర్చుని చదువుకుంటూ వుంటారు. టప్పుమని పుస్తకం మీద ఏదో పడుతుంది. చూస్తే రెక్కల పురుగు! చేత్తో అవతలికి తోసేసి మళ్ళీ చదువులో పడతారు. అంతేనా? ఈసారి అలా తోసెయ్యకండి. కాసేపు దానివంక చూడండి. అది ఎవరు? ఎక్కడ పుట్టింది? ఏం తిని పెరిగింది? కిందటి ఏడాది కూడా మీ ఊళ్ళో వుందా, లేక ఈ ఏడే కొత్తగా వచ్చిందా?

ఇందులో చివరి ప్రశ్న అన్నిటికంటె కష్టమైనది. ఆ సంగతి నాకు మా దువ్వాడలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె తెలియజెప్పింది.

బడులు తెరిచిన కొత్తలో ఒక సాయంత్రం, తొలకరి జల్లు పడి వెలిసింది. వరండాలో దీపం వేశాం. నాలుగైదు పురుగులు వచ్చి గోడమీద వాలాయి. ఆ అమ్మాయి అడిగింది: "మాస్టారూ! మా తాతగారు రైల్వేలో పనిచేసే రోజుల్లో దువ్వాడ స్టేషనులో దీపాల కింద తెల్లవారేసరికి చీపురుతో ఊడ్చేటన్ని పురుగులు పడేవట. ఇప్పుడవన్నీ ఏమయ్యాయి?"

నేను వెంటనే జవాబు చెప్పేశాను. "ఊరు పెరిగింది. తోటలు పోయాయి. పొగ, దుమ్ము ఎక్కువయ్యాయి. అందుకే తగ్గిపోయాయి."

"ఎంత తగ్గాయి మాస్టారూ?"

నా దగ్గర మాట లేదు. పాతికేళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల సైన్సు పాఠం చెబుతున్నాను. ఆ దీపాల కింద నేనూ ఎన్నోసార్లు నడిచాను. కాని ఏ రాత్రి, ఏ దీపం కింద, ఏ పురుగు, ఎన్ని అని ఒక్క ముక్క రాసుకోలేదు. రాయనివాడు "తగ్గాయి" అంటే అది అభిప్రాయమే గాని విజ్ఞానం కాదు. ఆ అమ్మాయికి సరైన జవాబు ఎలా సంపాదించాలో చూద్దాం.

శలభం ఎవరు?

మనం శలభం అంటాం. చిమ్మట అని కూడా అంటాం. రైతులు రెక్కల పురుగు అంటారు. కొన్ని ఊళ్ళలో మాత్రం చిమ్మట అంటే రాత్రిళ్ళు కీచుమని అరిచే పురుగు. ఒకే పేరుతో రెండు జీవులను పిలిస్తే లెక్క తప్పుతుంది. అందుకే శాస్త్రజ్ఞులు ప్రతి జాతికీ ప్రపంచమంతటా చెల్లే ఒక పేరు పెడతారు.

శలభానికీ సీతాకోకచిలుకకూ దగ్గర చుట్టరికం వుంది. రెండింటి రెక్కలు ముట్టుకున్నా వేలికి పిండిలాంటి పొడి అంటుతుంది. ఆ పొడి సన్నని పొలుసులు. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగ అవి రెక్క మీద వరుసగా పేర్చి వుంటాయి. మరి తేడా ఎలా తెలుస్తుంది? తలమీది మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసాల చివర చిన్న గుండు వుంటుంది. చాలా శలభాల మీసాలు దారంలాగో, దువ్వెనలాగో, ఈకలాగో వుంటాయి. వాలినప్పుడు సీతాకోకచిలుక సాధారణంగా రెక్కలను వీపు మీద నిలువుగా మూస్తుంది. శలభం చాలామటుకు వాటిని పరచుకునో, గుడిసె కప్పులాగ వాల్చుకునో కూర్చుంటుంది. అయితే పగలు తిరిగే శలభాలు కూడా వున్నాయని మరచిపోకండి.

ప్రపంచంలో సుమారు 1 లక్షా 60 వేల శలభ జాతులకు శాస్త్రజ్ఞులు పేర్లు పెట్టారు. సీతాకోకచిలుకల జాతులు ఇందులో ఎనిమిదో వంతు కూడా లేవు! మన దేశంలోనే 10 వేలకు మించి శలభ జాతులున్నాయి.

ఇన్ని పురుగులు మనకెందుకు అంటారా? చంద్రకాంత, బొప్పాయి వంటి వాటి పూలకు రాత్రిపూట పుప్పొడి చేరవేసే పని శలభాలు చేస్తాయి. గబ్బిలాలకు ఇవి ఆహారం. పక్షులు తమ పిల్లల నోట్లో పెట్టేది ఎక్కువగా వీటి గొంగళి పురుగులనే. పట్టుచీర ఇచ్చేదీ శలభమే, పంటను తినేసేదీ శలభమే.

ఆకు మారితే శలభం మారుతుంది

రెక్కలొచ్చిన శలభం పూల తేనె పీల్చి బతుకుతుంది. కొన్నింటికి పనిచేసే నోరే వుండదు. ఆకులు తినేది గొంగళి పురుగు. అదీ ఏ ఆకు పడితే ఆ ఆకు తినదు. చాలా జాతులకు కొన్ని మొక్కలే ఆహారం. తల్లి శలభం ఆ మొక్కను వెతికి దానిమీదే గుడ్లు పెడుతుంది. కాబట్టి మొక్క ఎక్కడుందో శలభమూ అక్కడే వుండే అవకాశం ఎక్కువ.

గన్నేరు, నందివర్ధనం ఆకులను తినే పెద్ద ఆకుపచ్చని గొంగళి ఒకటుంది. దాని తలకు కాస్త వెనకగా రెండు నీలి కళ్ళవంటి మచ్చలుంటాయి. అవి నిజం కళ్ళు కావు, పక్షిని బెదిరించేందుకు వున్నవి. అది పెరిగి ఆకుపచ్చ, గులాబి చారలున్న అందమైన శలభమవుతుంది. దాని శాస్త్రీయ నామం డాఫ్నిస్ నెరీ. వీపుమీద పుర్రె గుర్తున్న శలభం మరొకటి. దాని గొంగళి నువ్వుచేలలో కూడా పెరుగుతుంది. ఆ శలభం తేనెపట్టులో దూరి తేనె దొంగిలిస్తుంది. పట్టుకుంటే కీచుమంటుంది! మునగచెట్టు మొదట్లో గుంపులుగా పట్టే గొంగళి పురుగులను మీరు చూసే వుంటారు. వాటిని ముట్టుకుంటే దురద ఖాయం. అవీ శలభం పిల్లలే.

ఇప్పుడు మా దువ్వాడ సంగతి ఆలోచించండి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ విశాఖ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు దానిని జాతికి అంకితం చేశారు. ఈ మధ్యకాలంలో వేలాది ఎకరాల పొలాలు, తాటితోపులు, జీడిమామిడి తోటలు వున్నచోట కర్మాగారం, రోడ్లు, ఉక్కునగరం వచ్చాయి. అప్పటివరకు లేని చెట్లను వరుసలుగా నాటారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి నగరంలో లెక్కలేనన్ని చెట్లను ఒక్కపూటలో కూల్చింది. వాటి స్థానంలో మళ్ళీ కొత్తవి నాటారు.

నువ్వుచేను పోయి ఇళ్ళు వస్తే నువ్వుమీద బతికే శలభానికి ఆ చోట తిండి తగ్గుతుంది. వీధి మధ్య గన్నేరు మొక్కలు నాటితే గన్నేరు శలభానికి విందు. కాబట్టి "ఊరు పెరిగింది, అన్నీ పోయాయి" అన్న నా జవాబు పూర్తి నిజం కాదు. కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి, కొన్ని చోటు మారతాయి. ఏది ఏ గుంపులోదో రాసిపెట్టినవారే చెప్పగలరు.

దీపం మారిందా, శలభం మారిందా?

నా జవాబులో ఇంకో తప్పు కూడా వుంది. అది నాకే ఆలస్యంగా తట్టింది.

ఒకప్పుడు స్టేషన్లలో, వీధుల్లో పాదరసపు ఆవిరి దీపాలుండేవి. వాటి నీలితెలుపు కాంతిలో మన కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా వుంటాయి. మనకు కనిపించకపోయినా శలభాలకు అవి బాగా కనిపిస్తాయి. 2015 ప్రాంతంలో విశాఖ వీధుల్లో పాత దీపాలు తీసి ఎల్.ఇ.డి. దీపాలు పెట్టారు. మామూలు ఎల్.ఇ.డి. వెలుగులో అతినీలలోహిత కిరణాలు దాదాపుగా వుండవు. అందువల్ల వాటి దగ్గరికి పురుగులు తక్కువగా వస్తాయి.

నిజమేనా అని పరీక్షించాం. బడి వరండా ఒక చివర ఒక తెల్లపంచె, రెండో చివర ఇంకో పంచె కట్టాం. ఒకదాని ముందు పాత పాదరసపు దీపం, రెండోదాని ముందు ఎల్.ఇ.డి. దీపం. గంటసేపు చూశాం. పాదరసపు దీపం దగ్గరే ఎక్కువ పురుగులు వాలాయి. "అటువైపు చెట్లున్నాయి కదా మాస్టారూ, అందుకేమో!" అన్నాడొక అబ్బాయి. మంచి అనుమానం! మర్నాడు దీపాలను అటుదిటు మార్చాం. పురుగులు దీపాన్ని అనుసరించి ఇటే వచ్చాయి. అంటే తేడా చెట్లవల్ల కాదు, దీపంవల్ల వచ్చింది.

మరి తాతగారి కాలంనాటి గుట్టలకూ ఇప్పటి నాలుగైదుకూ మధ్య తేడా ఎంతవరకు దీపంది, ఎంతవరకు శలభాలది? రెండు కాలాలను పోల్చాలంటే దీపం ఒకటే కావాలి. చోటు ఒకటే కావాలి. చూసిన సమయమూ ఒకటే కావాలి.

ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా కేంద్రం వారు ఈ సూత్రాన్నే పాటించారు. 1960ల నుండి ఒకే తరహా దీపపు ఎరలను దేశంలో అనేకచోట్ల పెట్టి రాత్రికి రాత్రి లెక్క రాస్తున్నారు. ఆ లెక్కలవల్లనే 1968కీ 2017కీ మధ్య బ్రిటన్‌లో పెద్ద శలభాల సంఖ్య సుమారు మూడో వంతు తగ్గిందని తేలింది. వాతావరణం వేడెక్కేకొద్దీ కొన్ని జాతులు ఉత్తరానికి జరుగుతున్నాయని కూడా తెలిసింది. "ఎంత?" అన్న ప్రశ్నకు అక్కడ జవాబుంది.

ఇంతకూ శలభం దీపం చుట్టూ ఎందుకు తిరుగుతుంది? పూర్వం నుండి దీనికి రకరకాల కారణాలు చెప్పేవారు. 2024లో ప్రచురించిన ఒక పరిశోధనలో శాస్త్రజ్ఞులు అతివేగపు కెమెరాలతో చూసి ఒక సంగతి కనిపెట్టారు. రాత్రి ఆకాశం నేలకంటె కాస్త వెలుగుగా వుంటుంది. ఎగిరే కీటకం తన వీపును వెలుగు వైపు వుంచుకుంటుంది. అలా వుంటే తలకిందులు కాకుండా వుంటుందన్నమాట. పక్కన దీపం వుంటే పాపం వీపు దానివైపు తిప్పుతుంది. దారి వంకరపోయి గిరగిరా తిరుగుతూ చిక్కుకుపోతుంది. శలభానికి మంటమీద మోజు లేదు, అది దారి తప్పిన బాటసారి!

నల్ల శలభం కథ

రాసిపెట్టడంవల్ల వచ్చిన లాభానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి చెబుతాను. మా దువ్వాడలాగే కర్మాగారాలున్న మాంచెస్టరు నగరం దగ్గర బూడిదరంగు మచ్చల శలభం ఒకటి వుండేది. దాని పేరు బిస్టన్ బెట్యులేరియా. 1848లో అక్కడ ఒకరికి నల్లనిది ఒకటి దొరికింది. 1895 నాటికి ఆ నగరంలో నూటికి 98 నల్లవే! బొగ్గు పొగకు చెట్ల బెరడు నల్లబడింది. నల్ల బెరడుమీద బూడిదరంగు శలభం పక్షికి ఇట్టే కనిపించేది, నల్లది దాగిపోయేది. 1956లో గాలిని శుభ్రపరిచే చట్టం వచ్చింది. ఆ తర్వాత పొగ తగ్గుతూ వచ్చింది. బూడిదరంగువి మళ్ళీ పెరిగాయి, నల్లవి అరుదైపోయాయి. 1848 అనీ, మాంచెస్టరు అనీ ఎవరో రాసి పెట్టబట్టే ఈ కథ మనకు మిగిలింది.

జిల్లా గీత జరిగితే?

"ఎక్కడ?" అన్నమాట తేలికగా కనిపిస్తుంది. కాని అందులోనే చిక్కుంది.

మన విశాఖపట్నానికి ఈ విషయంలో పాత గౌరవం ఒకటుంది. 18వ శతాబ్దం చివర పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఇక్కడ వుండేవాడు. ఆయన ఇక్కడ సేకరించిన 200 చేపలను వర్ణించి, బొమ్మలు వేయించి, వాటి స్థానిక నామాలతో 1803లో పుస్తకం వెలువరించాడు. పుస్తకం పేరులోనే విశాఖపట్నం వుంది. రెండు శతాబ్దాలు దాటినా ఆ చేపలు ఎక్కడివో మనకు తెలుసు.

శలభాలకు హాంప్సన్ అనే ఆయన 1892–1896 మధ్య నాలుగు సంపుటాలు రాశాడు. ఆయన నీలగిరులలో తేయాకు తోటలు పెంచినవాడు. ఆ సంపుటాలు ఎంతో ఉపయోగకరమైనవి. కాని పెద్ద దేశం మొత్తానికి రాసిన పుస్తకంలో ఒక్కో ఊరిని విడిగా చూపడం ఎలా కుదురుతుంది? "దేశమంతటా వుంది" అంటే దువ్వాడలో వుందో లేదో తెలియదు.

పోనీ, జిల్లా పేరు రాస్తే? విశాఖపట్నం జిల్లాను చూడండి. 1950లో అందులోంచి శ్రీకాకుళం జిల్లా విడిపోయింది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. 1980లో అరకులో ఒక శలభాన్ని చూసి "విశాఖపట్నం జిల్లా" అని మాత్రమే రాశారనుకోండి. ఈనాడు జిల్లాలో వెతికినవాడు "అయ్యో, ఆ కొండ శలభం మన జిల్లాలో అంతరించింది!" అంటాడు. శలభం ఎక్కడికీ పోలేదు. జిల్లా గీత జరిగింది, అంతే!

ఈ చిక్కు ఇంగ్లండు వారికీ వచ్చింది. 1852లో వాట్సన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు బ్రిటన్‌ను 112 భాగాలుగా విభజించి, ప్రభుత్వపు సరిహద్దులు ఎలా మారినా ఈ గీతలు మారకూడదన్నాడు. మొక్కలు, కీటకాలు రాసేవారు ఈనాటికీ ఆ భాగాలనే వాడుతున్నారు.

మనకు ఇంకా తేలిక ఉపాయం వుంది. భూగోళం పాఠంలో చదివిన అక్షాంశం, రేఖాంశం! దువ్వాడ స్టేషను సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.15 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర వుంది. ఈ అంకెలను ఏ ప్రభుత్వమూ మార్చదు. డిగ్రీలో పదో వంతు అంటే ఇక్కడ సుమారు 11 కిలోమీటర్లు. జిల్లా పటం మీద అంత దూరానికి ఒక గీత చొప్పున అడ్డంగా, నిలువుగా గీస్తే గళ్ళు వస్తాయి. శలభం కనిపించిన గడిలో చుక్క పెట్టండి. అయిదేళ్ళ తర్వాత అదే రకం పటం మళ్ళీ గీయండి. రెండు పటాలను పక్కపక్కన పెడితే శలభం ఎటు జరిగిందో కనిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. చుక్కలన్నీ బళ్ళ చుట్టూ, రైలుదారి వెంట గుమిగూడి వుంటే శలభాలు అక్కడే వున్నాయని కాదు, చూసేవాళ్ళు అక్కడే వున్నారని అర్థం! ఖాళీ గడి రెండు రకాలు: వెతికినా దొరకనిది, అసలు వెతకనిది. రెండూ ఒకటి కావు. అందుకే వెతికి ఏమీ దొరకని రాత్రిని కూడా రాయాలి. ఆ సున్నా విలువైన సున్నా.

కత్తెర పురుగు ప్రయాణం

ఇదంతా వినోదం కోసమే అనుకోకండి. రైతుబిడ్డలైతే కత్తెర పురుగు పేరు వినే వుంటారు. దాని శాస్త్రీయ నామం స్పోడోప్టెరా ఫ్రూజిపెర్డా. పుట్టిల్లు అమెరికా ఖండాలు. 2016లో ఆఫ్రికాలో కనిపించింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొక్కజొన్న చేలలో దానిని గుర్తించారు. అదే సంవత్సరం తెలుగు రాష్ట్రాలలోనూ కనిపించింది. దాని శలభం గాలివాటున ఒక్క రాత్రిలో సుమారు 100 కిలోమీటర్లు పోగలదు. గొంగళి తలమీద తలకిందులైన ఇంగ్లీషు వై అక్షరంలాంటి గుర్తు, తోక దగ్గర నలుచదరంగా నాలుగు నల్లచుక్కలు దీని ఆనవాళ్ళు.

ఏ ఊళ్ళో ఏ తేదీన మొదట కనిపించిందో తెలిస్తేనే పక్క ఊరి రైతు ముందుగా మేలుకుంటాడు. చేలో లింగాకర్షక బుట్టలు వేలాడదీసేది ఇందుకే. ఆడ శలభం వాసనవంటి పదార్థాన్ని అందులో పెడితే మగ శలభాలు వచ్చి పడతాయి. రోజూ ఎన్ని పడ్డాయో లెక్కపెడితే పురుగు రాక ముందే తెలుస్తుంది. బుట్ట వున్నంతమాత్రాన చాలదు, లెక్క రాయాలి.

మీరూ చేయండి

ఒక నోటు పుస్తకం, పెన్సిలు, తెల్లగుడ్డ, ఒక దీపం చాలు. మేడమీదో, వరండాలోనో దండెం మీద గుడ్డ వేసి ముందు దీపం పెట్టండి. పెద్దవాళ్ళు తోడుండాలి. చీకటిపడిన దగ్గరనుండి గంటసేపు చూడండి. అమావాస్య దగ్గరి రాత్రులు మేలు. పున్నమి వెన్నెలలో దీపానికి పురుగులు తక్కువగా వస్తాయి. పాదరసపు దీపంతో మీరు ప్రయోగం చేయకండి. దాని కిరణాలు కంటికి హాని, పగిలితే పాదరసం ప్రమాదం. మీరు ఏ దీపం వాడినా, ఏడాది పొడవునా అదే వాడండి. పని కాగానే దీపం ఆర్పేయండి. లేకపోతే తెల్లవారేదాకా శలభాలు అక్కడే వుండిపోయి బల్లులకూ పిట్టలకూ ఆహారమైపోతాయి. దేన్నీ చంపనక్కరలేదు. ఫోటో తీస్తే చాలు. బొచ్చు గొంగళిని మాత్రం వట్టి చేత్తో తాకకండి.

పుస్తకంలో అయిదు సంగతులు రాయండి: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు, ఏ దీపం దగ్గర. పేరు తెలియకపోతే బొమ్మ గీసి, "పేరు తెలియదు, గోధుమరంగు, రెక్కమీద రెండు తెల్లచారలు" అని రాయండి. తెలియని పేరు తరువాత తెలుసుకోవచ్చు, రాయని తేదీ మళ్ళీ దొరకదు. ఆకుమీద గొంగళి కనిపిస్తే మొక్క పేరు కూడా రాయండి. ఏటా జులై చివరి వారంలో అనేక దేశాలలో జాతీయ శలభ వారం జరుపుతారు. అమెరికాలో మొదలైన ఆ వారం 2012 నుండి సాగుతున్నది. మన దేశంలోనూ ఎందరో పాల్గొంటున్నారు. మీ బడి కూడా ఆ వారంలో మొదలుపెట్టవచ్చు.

మా బడిలో ఇప్పుడు ఒక అట్ట పుస్తకం వుంది. మొదటి పేజీ రాసింది ఆ ఎనిమిదో తరగతి అమ్మాయే. తేదీ, వరండా, దీపం, సమయం అన్నీ రాసి, కింద ఇలా రాసింది: "ఈ రాత్రి గాలివాన. ఏమీ రాలేదు." పక్కనున్న పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. దువ్వాడ శలభాల గురించి నా ఎదుట ఎవరైనా రాసిన మొదటి నిజమైన లెక్క అది. ఇంకో పాతికేళ్ళకు మరో పిల్ల "ఎంత తగ్గాయి?" అని అడిగితే అప్పటి మాస్టారు నాలాగ నోరు మూసుకోనక్కరలేదు. ఆ అట్ట పుస్తకం తీసి చూపిస్తాడు.